అంకణంతో మొదలుపెట్టండి: హైస్కూలు పిల్లల చేతికి పని పెట్టే టీఎల్‌ఎం (పాఠం నేర్పే సామగ్రి) తయారీ, మెట్టు మెట్టుగా

ఎనిమిదో తరగతికి వైశాల్యం పాఠం చెబుతున్నాను. బోర్డు మీద దీర్ఘచతురస్రం గీసి, సూత్రం రాసి, నాలుగు లెక్కలు చేయించాను. అందరికీ జవాబులు వచ్చాయి. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి, "మేడమ్, మా నాయన మేస్త్రీ. ఇల్లు ఎన్ని అంకణాలు అనే చెబుతాడు. అంకణం అంటే ఎన్ని మీటర్లు?" అని అడిగాడు. నేను గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద నెల్లూరు జిల్లాకు వచ్చినదాన్ని. నాకు తెలియదు. తెలియదనే చెప్పి, మీ నాయనను అడిగి రాసుకురా అన్నాను. మర్నాడు వాడు చిన్న కాగితం తెచ్చాడు. అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. ఎకరానికి 605 అంకణాలు. నిజమేనా అని తరగతి మొత్తం ఎకరంలోని 43,560 చదరపు అడుగులను 72తో భాగించింది. సరిగ్గా 605 వచ్చింది. ఆ లెక్క చేయమని నేను ఎవరికీ చెప్పలేదు.

టీఎల్‌ఎం గురించి నా ఆలోచన మారింది ఆ రోజునే. అంతకుముందు ఎండాకాలం సెలవుల్లో థర్మకోల్‌తో, రంగు కాగితాలతో అందమైన మోడళ్లు చేసేదాన్ని. విరిగిపోతాయని పిల్లల్ని ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. టీఎల్‌ఎం మేళాలో అందరూ మెచ్చుకున్నారు. పాఠం మాత్రం పిల్లలకు అంతకుముందు ఎంత వచ్చో అంతే వచ్చింది. ఇప్పుడు ఏ సామగ్రి చేసినా ఒక్కటే చూస్తాను: దీనితో పిల్లవాడు ఏం చేస్తాడు? కొలుస్తాడా, పేరుస్తాడా, పక్కవాడితో వాదిస్తాడా, ఇంటికెళ్లి అడిగి వస్తాడా? చూసి ఊరుకునేదైతే దాన్ని పక్కన పెట్టేస్తాను.

నేను లెక్కల టీచర్ని. అయినా తోటి టీచర్లతో కలిసి సైన్సు, సోషల్ పాఠాలకు కూడా చేశాను. ఆరు నుంచి పది తరగతులకు పనికొచ్చినవి, మా జిల్లాలోనూ పక్కనున్న ప్రకాశంలోనూ దొరికే వస్తువులతో చేసుకోగలిగినవి ఇక్కడ చెబుతున్నాను.

మొదటి మెట్టు: పిల్లల తప్పును పట్టుకోండి

యూట్యూబ్‌లో వెతకడంతోనో, చార్టు కొనడంతోనో మొదలుపెట్టకండి. మీ దగ్గరే ఉన్న ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష పేపర్లు తీయండి. ఒక లీజర్ పీరియడ్ చాలు. మార్కుల సంగతి వదిలేసి, తప్పు జవాబులను మాత్రం ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒకే తప్పు ఏడెనిమిది పేపర్లలో కనిపిస్తే అది బద్ధకం వల్ల వచ్చింది కాదు. పిల్లలు దాన్ని నిజంగానే అలా నమ్ముతున్నారన్నమాట.

నా నోట్‌బుక్‌లోవి కొన్ని: చుట్టుకొలత ఎక్కువైతే వైశాల్యం కూడా ఎక్కువవుతుంది. బరువైన వస్తువులన్నీ నీళ్లలో మునుగుతాయి. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటును బల్బు వాడేసుకుంటుంది, తిరిగి వచ్చేటప్పటికి తక్కువవుతుంది. పొట్టి శ్రీరాములు గారు చనిపోయిన రోజునే ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

తప్పు దొరికాక దాని కింద ఒక వాక్యం రాయండి: "ఏది కళ్లారా చూస్తే ఈ నమ్మకం మీద వీళ్లకే అనుమానం వస్తుంది?" జవాబు తోచే వరకు కత్తెర పట్టుకోకండి. చెప్పినంత సులువు కాదిది, నాకు ఒక్కో తప్పుకు వారం పట్టిన రోజులున్నాయి. కానీ ఈ వాక్యం కుదిరితే సగం పని అయినట్టే.

రెండో మెట్టు: మీ మండలంలో ఏముందో రాసుకోండి

ఒక ఆదివారం ఊళ్లో నడవండి, లేదా పిల్లల చేతే రాయించండి. ఇంట్లో పెద్దవాళ్లు ఏ పని చేస్తారు, దేనితో కొలుస్తారు, ఏం అమ్ముతారు, ఏ మాట వాడతారు. పెన్నా డెల్టాలో ఉంటే వరి, ధాన్యం కొలిచే పుట్టి లెక్క, కాలవ నీళ్లు దొరుకుతాయి. కోస్తా మండలమైతే రొయ్యల గుంటలు, వాటిలో తిరుగుతూ నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు, నీటి ఉప్పదనం. ఒంగోలు, కందుకూరు వైపు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు, వేలం కేంద్రాలు. చీమకుర్తిలో గ్రానైటు, మార్కాపురంలో పలక రాయి, కంభంలో విజయనగర రాజుల కాలపు పెద్ద చెరువు, ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే చేతులు. ఇవన్నీ పాఠాలే. పుస్తకంలో ఉన్న ఏ అధ్యాయానికి ఏది అతుకుతుందో ఎదురెదురుగా రాసుకుంటే ఏడాదికి సరిపడా పని దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. సేకరణ పేరుతో పిల్లల్ని క్వారీల దగ్గరకు, రొయ్యల గుంటల దగ్గరకు పంపకండి. నీళ్లు నిండిన గుంతలు, పేలుడు పనులు, కరెంటు మోటార్లు ఉంటాయి. కావలసినవి మీరే తెచ్చుకోండి, లేదా పెద్దవాళ్లతో తెప్పించండి.

మూడో మెట్టు: ఒక్కటి పూర్తిగా తయారు చేయండి

పది సగం సగం చేసేకంటే ఒకటి పూర్తిగా చేయడం మేలు. అందుకే అంకణం పాఠాన్ని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. మీరు కొలతలు మార్చుకుని ఏ తరగతికైనా వాడుకోవచ్చు. కావలసినవి: అరవై అడుగుల పురికొస, టేపు, పన్నెండు కర్ర మేకులు, గుప్పెడు ముగ్గు పిండి, గ్రూపుకో కాగితం. సమయం రెండు పీరియడ్లు. పదకొండు గంటల తర్వాత మా ఎండకు పిల్లలు నిలబడలేరు కాబట్టి మొదటి రెండు పీరియడ్లు హెచ్‌ఎం గారిని అడిగి తీసుకోండి.

1. ముందు రోజు ఇంటి పని ఇవ్వండి: "మీ ఇల్లు ఎన్ని అంకణాలు? ఎవరు చెప్పారు?" అద్దె ఇంటి పిల్లలు, పూరిపాక పిల్లలు చిన్నబుచ్చుకోకుండా, "ఇల్లు గానీ, గుడి గానీ, కొట్టు గానీ" అని అడగండి. ఈ చిన్న మార్పు చాలా ముఖ్యం.

2. మైదానంలో ఆరుగురికొక గ్రూపు. ప్రతి గ్రూపుకూ ఒకే మాట: "సరిగ్గా ఒక అంకణం, అంటే 72 చదరపు అడుగులు ఉండే దీర్ఘచతురస్రం ముగ్గుతో వేయండి. పక్క గ్రూపు వేసిన ఆకారం మీరు వేయకూడదు." సూత్రం గుర్తు చేయకండి. ఒక గ్రూపు 9, 8 అడుగులతో వేస్తుంది. ఒకటి 12, 6తో. మరొకటి 18, 4తో. చివరికి వేరే ఆకారం దొరకని గ్రూపు 24, 3తో వేస్తుంది. మూలలు లంబంగా వచ్చాయో లేదో తాడు మీద 3, 4, 5 అడుగులు గుర్తు పెట్టి సరిచూడమనండి. మేస్త్రీల పిల్లలకు ఈ పద్ధతి ముందే తెలుసు, వాళ్ల చేతే చూపించండి.

3. ఇప్పుడు ఊహ. "ఏ ముగ్గు చుట్టూ కంచె వేయడానికి ఎక్కువ తీగ కావాలి?" చేతులెత్తించి బోర్డు మీద లెక్క రాయండి. చాలామంది అన్నిటికీ ఒకటే అంటారు, లోపల చోటు ఒకటే కదా అని.

4. పురికొసతో కొలిపించండి. 34, 36, 44, 54 అడుగులు వస్తాయి. అందరూ ఒక్క నిమిషం మౌనంగా ఉంటారు. అప్పుడు మీరు మాట్లాడకండి. ఆ మౌనంలో వాళ్ల నమ్మకం కదులుతోంది.

5. తాడు ముడి వేసి 36 అడుగుల ఉచ్చు చేసి, మేకుల చుట్టూ చుట్టి, ఇదే తాడుతో 12, 6 కన్నా పెద్ద చోటు కట్టగలరా అని అడగండి. వెతుకుతూ వెతుకుతూ 9, 9 దగ్గరికి వస్తారు. 81 చదరపు అడుగులు. అదే కంచెతో 9 చదరపు అడుగులు ఎక్కువ.

6. తొమ్మిదో తరగతి అయితే ఇంకో అడుగు వేయించండి. "సరిగ్గా 72 వచ్చే చతురస్రం వేయండి." ఎనిమిదిన్నర అడుగులు పెడితే కాస్త ఎక్కువవుతుంది, 8.4 పెడితే తగ్గుతుంది. 8.48, 8.49 అంటూ దగ్గరికి పోతారు కానీ లెక్క ముగియదు. వర్గమూలం 72 అనేది కరణీయ సంఖ్య అని ఇప్పుడు చెప్పండి. పుస్తకంలో చదివితే మాటగా మిగిలేది, తాడు పట్టుకున్నాక వాళ్లకే తగిలిన చిక్కు అవుతుంది.

7. తరగతిలోకి వచ్చి కార్డులు ఇవ్వండి. మూడు సెంట్ల స్థలం ఎన్ని అంకణాలు? సెంటుకు 6.05 చొప్పున 18.15. తిరుపతి వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులే. అక్కడి వాళ్లు "ఇరవై అంకణాల ఇల్లు" అంటే మన లెక్కలో ఎంత? పది. ప్రమాణం అందరికీ ఒకటిగా ఎందుకు ఉండాలన్న ప్రశ్న ఇక్కడే, పిల్లల నోటి నుంచే వస్తుంది.

గజాలు, సెంట్లు మాత్రమే వాడే ఊళ్లో మీరుంటే వాటితోనే చేయండి. సెంటు అంటే 48.4 గజాలు. అసలు సంగతి అంకణం కాదు, ఇంట్లో వినే మాట బడిలో లెక్క కావడం.

ఈ పాఠం మొదటిసారి చేసినప్పుడు నేనొక పొరపాటు చేశాను. గ్రూపులు తప్పు కొలిస్తే నేనే వెళ్లి సరిచేశాను. దాంతో ప్రతి గ్రూపూ నా కోసం చూస్తూ కూర్చుంది. రెండోసారి ప్రతి గ్రూపు కొలతనూ పక్క గ్రూపు తనిఖీ చేయాలని పెట్టాను. గొంతు చించుకునే అవసరం లేకపోయింది.

నాలుగో మెట్టు: అదే అచ్చులో మిగతా పాఠాలు

పుట్టి లెక్క. నెల్లూరులో ధాన్యం ధర ఇప్పటికీ పుట్టికే చెబుతారు. పుట్టి అంటే 850 కిలోలు, ఎనిమిదిన్నర క్వింటాళ్లు. ఏడో తరగతి నిష్పత్తులకు, శాతాలకు ఇంతకంటే మంచి లెక్క నాకు దొరకలేదు. దళారి పుట్టికి 18,700 రూపాయలు అడిగాడనుకోండి. క్వింటాలుకు 2,200 పడుతుంది. 2025-26 సంవత్సరానికి సాధారణ రకం వరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369. పుట్టికి రైతు ఎంత పోగొట్టుకుంటాడు? 1,436 రూపాయల 50 పైసలు. తర్వాత తేమ కార్డు ఇవ్వండి: మద్దతు ధరకు కొనాలంటే తేమ 17 శాతానికి మించకూడదు. తడిసిన ధాన్యం ఎండితే బరువు ఎంత తగ్గుతుందో పిల్లలు లెక్క వేయాలి. వేసవి పంట కోతల రోజుల్లో ఈ పాఠం పెడితే, ఒక అమ్మాయి ఇంటికి వెళ్లి నాయనకు లెక్క చెప్పి, ఆయన దగ్గర ఆ ఏటి అసలు ధర రాసుకుని వచ్చింది. అది మరుసటి రోజు కార్డు అయింది.

వాన కొలత. ఇది ఏడాది పొడవునా నడిచే సామగ్రి. పుస్తకం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాల వానాకాలం అని చెబుతుంది. మా పిల్లలు మాత్రం బడికి సెలవులు ఇచ్చేంత వాన అక్టోబర్, నవంబర్లలో చూస్తారు. పుస్తకం తప్పా, కళ్లు తప్పా? రెండూ కాదు. ఈశాన్య రుతుపవనాల గాలులు బంగాళాఖాతం మీదుగా వచ్చేటప్పుడు తేమ పట్టుకుని వచ్చి మన తీరం మీద కురుస్తాయి. నెల్లూరు తీరానికి ఎక్కువ వాన వాటి వల్లే. ఈ మాట నేను చెప్పే ముందు పిల్లలే అంకెలు చూపాలి.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి, పక్కలు తిన్నగా ఉండేది. పై మూడో వంతు కోసి, మూత తీసి, తలకిందులుగా గరాటులా అందులోనే పెట్టండి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, తిన్నటి భాగం మొదలయ్యే దాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గుర్తు పెట్టండి. దాని పైన మిల్లీమీటర్ల స్కేలు కాగితం అంటించి పారదర్శక టేపు వేయండి. గరాటు నోరూ సీసా వెడల్పూ ఒకటే కాబట్టి కొలిచిన మిల్లీమీటర్లే వాన. చెట్లకూ గోడలకూ దూరంగా, గాలికి పడిపోకుండా ఇటుకల మధ్య నిలబెట్టండి. వాతావరణ శాఖ కొలిచే వేళకే, అంటే ఉదయం ఎనిమిదిన్నరకు, ఇద్దరు పిల్లలు వంతుల వారీగా కొలిచి నోట్‌బుక్‌లో రాయాలి. కొలిచాక నీళ్లు సున్నా గుర్తు దగ్గరికి తేవడం మరిచిపోతే మర్నాటి లెక్క చెడిపోతుంది. మేం మొదటి నెల అలాగే పాడు చేసుకున్నాం.

డిసెంబర్ చివర గోడ మీద స్తంభాల చిత్రం వేయించండి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక గుత్తిగా, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకో గుత్తిగా. ఇదే అంకెలతో ఇంకో లెక్క: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. బడి కప్పు 200 చదరపు మీటర్లు, ఒక రోజు వాన 50 మిల్లీమీటర్లు అయితే 10,000 లీటర్లు. వేసవిలో బిందెల కోసం వరస కట్టే ఊళ్లో ఈ అంకె పిల్లల చేత ఎంత మాట్లాడిస్తుందో మీరే చూడండి. మార్కాపురం, గిద్దలూరు వైపు టీచరు ఎవరైనా పరిచయం ఉంటే వాళ్ల బడి అంకెలు కూడా తెప్పించి పక్కన పెట్టండి. సముద్రానికి దూరమయ్యే కొద్దీ చిత్రం ఏమవుతుందో పిల్లలే చెప్పాలి.

రాళ్ల డబ్బా. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ముక్క, మార్కాపురం పలక ముక్క, వంటింటి అరుగు మీద పరిచే కడప బండ ముక్క, సైదాపురం వైపు దొరికే అభ్రకం (మైకా) రేకు. గ్రానైటు కొట్లలో విరిగిన ముక్కలు అడిగితే ఇస్తారు. అంచులు గరుకు కాగితంతో రుద్దాలి. పిల్లలకు పేర్లు చెప్పకుండా ఇచ్చి, మీకు తోచిన పద్ధతిలో వేరు చేయండి అనండి. రంగుతో మొదలుపెట్టి, పొరలుగా విడిపోయేవి, గింజలు కనిపించేవి అనే దాకా వస్తారు. అప్పుడు అగ్నిశిల, రూపాంతర శిల, అవక్షేప శిల అనే మాటలు ఇవ్వండి. గ్రానైటు అని అమ్మే ఆ నల్లరాయిలో మెరిసే బంగారు చుక్కలు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. కడప బండ సున్నపురాయి. దాన్ని గీకి వచ్చిన పొడి మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుడగలొస్తాయి, పలక పొడి మీద వేస్తే రావు. పదో తరగతి ఆమ్లాల పాఠానికి ఇది చాలు. ఆమ్లం మాత్రం టీచరే వేయాలి. అభ్రకం విద్యుత్తును పోనివ్వదు, వేడికి తట్టుకుంటుంది. అందుకే ఇస్త్రీ పెట్టెలో తీగను దాని మీద చుట్టేవాళ్లు. పాడైన పాత ఇస్త్రీ పెట్టె విప్పి చూపించగలిగితే కరెంటు పాఠానికి కూడా ఈ డబ్బా పనికొస్తుంది.

చరిత్ర కార్డులు. తేదీలు లేకుండా సంఘటనలు మాత్రమే ఒక్కో కార్డు మీద రాయండి: మద్రాసులో పొట్టి శ్రీరాములు గారి నిరాహార దీక్ష మొదలు, ఆయన మరణం, ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు గురించి నెహ్రూ ప్రకటన, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, మొదటి ముఖ్యమంత్రిగా టంగుటూరి ప్రకాశం, ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు. ఇద్దరిద్దరు కూర్చుని దేని వల్ల ఏది జరిగిందో ఆలోచించి వరసలో పేర్చాలి. వాదన అయ్యాక తేదీల చీటీలు ఇవ్వండి: 1952 అక్టోబర్ 19, డిసెంబర్ 15, డిసెంబర్ 19, 1953 అక్టోబర్ 1, 1956 నవంబర్ 1. ఒక చీటీ తక్కువ పడుతుంది. రెండు కార్డులు ఒకే తేదీ కిందికి రావాలని వాళ్లే కనుక్కోవాలి. దీక్ష ఎన్ని రోజులో లెక్క పెట్టమంటే 58 వస్తుంది. ఆ అంకె చూసిన తరగతి నిశ్శబ్దమైపోతుంది. ఒకాయన పేరు నెల్లూరు జిల్లాకు, ఒకాయన పేరు పక్క జిల్లాకు ఎందుకు పెట్టారో ఆ తర్వాత చెప్పనక్కర్లేదు.

నెల్లూరు జిల్లాలోని దూబగుంట ఊరి మహిళలతో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం కూడా మనదే. అక్షరాస్యత తరగతుల్లో మొదలైన మాట 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. ఊళ్లో పెద్ద వయసు అవ్వలు ఆ రోజులు చెబుతారు. పిల్లల చేత ముందే ఐదు ప్రశ్నలు రాయించి, మీరు చదివి, తర్వాత పంపండి. తాగుడు వల్ల నలిగే ఇళ్ల పిల్లలు మన తరగతిలోనే ఉంటారు. వాళ్ల సొంత ఇంటి సంగతి ఎవరూ ఎవరినీ అడగకూడదని ముందే కచ్చితంగా చెప్పండి. ఇది నాకు చాలా ముఖ్యం.

ఐదో మెట్టు: ఐఎఫ్‌పీ, ఫోన్ ఎప్పుడు తీయాలి

చేత్తో చూపలేనిది, కంటికి కనిపించనిది అయినప్పుడే తెర. ఇప్పుడు చాలా ప్రభుత్వ హైస్కూళ్లలో ఐఎఫ్‌పీలు, అంటే చేత్తో తాకి నడిపే పెద్ద తెరలు ఉన్నాయి. వాటిలో ఇరవై నిమిషాల వీడియో పెట్టి పక్కన నిలబడితే పిల్లలు సినిమా చూసినట్టు చూస్తారు. నేనూ అలాగే చేశాను, మర్నాడు అడిగితే సంగీతం బాగుందన్నారు.

దానికి బదులు ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే ప్రయోగం చేసి చూసేవి వాడండి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఈ పని పూర్తిగా ఉచితం. చాలా వాటికి తెలుగు రూపాలున్నాయి. ఇంటి దగ్గర డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెస్తే నెట్ లేకపోయినా నడుస్తాయి. విద్యుత్ వలయాల సిమ్యులేషన్‌తో నేను చేసే క్రమం ఇది: ఒక బ్యాటరీ, ఒక బల్బు కట్టి, బల్బుకు ముందు ఒక అమ్మీటర్, తర్వాత ఒక అమ్మీటర్ పెట్టి, ఆన్ చేయకుండా ఆపుతాను. రెండు అంకెలూ ఒకటేనా, రెండోది తక్కువా? అందరూ నోట్‌బుక్‌లో రాయాలి, ఎందుకో ఒక వాక్యం రాయాలి. తర్వాతే ఆన్. రెండూ ఒకటే చూపించగానే, రాసిన వాక్యాన్ని కొట్టేసి కొత్తది రాస్తారు. ముందు రాయించకపోతే మాత్రం, "మాకు తెలుసు మేడమ్" అంటారు.

పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు దీక్షా యాప్‌లో తెరుచుకుంటాయి. కావలసిన పాఠం ముందు రోజే ఫోన్‌లో దించుకోండి. లెక్కలకు జియోజీబ్రా అనే యాప్, అది కూడా ఉచితం. కంభం చెరువు, సోమశిల జలాశయం పైనుంచి ఎలా ఉంటాయో ఇస్రో వారి ఉపగ్రహ చిత్రాల సైటు భువన్‌లో చూపవచ్చు. ఆరో తరగతిలో చదవడం రాని పిల్లలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో స్థాయిల వారీగా తెలుగు కథలున్నాయి. వాటిని ముద్రించి పంచుకోవడానికి లైసెన్సు కూడా ఉంది. కోచింగ్ సెంటర్ల పీడీఎఫ్‌లు అడగకుండా పంచేకంటే ఇది ఎంతో మేలు.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఫ్లోరైడ్ నీటి మీద ప్రాజెక్టు చేసే టీచర్లకు ఒక మాట. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను కొలవదు. నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే అంచనా కడుతుంది. మీటరు అంకె తక్కువగా ఉంటే నీళ్లు మంచివని పిల్లలు ఇంటికి వెళ్లి చెప్పే ప్రమాదం ఉంది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాన్ని తెలుసుకోవాలంటే ప్రయోగశాల పరీక్ష గానీ, ఫ్లోరైడ్ కిట్ గానీ కావాలి.

ఆరో మెట్టు: అందరి జవాబూ ఒకేసారి చూడండి

చేయెత్తే నలుగురి జవాబులు వింటే తరగతికి అర్థమైందని భ్రమ కలుగుతుంది. ఒక ఏ4 అట్టను నాలుగు గళ్లు చేసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం వేసి మడిస్తే ఒక్కో రంగు ఒక్కో జవాబు అవుతుంది. ప్రశ్న చదివి, పది లెక్కపెట్టి, "ఎత్తండి" అంటే అందరూ ఒకేసారి గుండెల దగ్గర పట్టుకోవాలి. తల పైకి ఎత్తితే పక్కవాళ్లు చూసి మార్చేస్తారు. రంగులు గుర్తుపట్టడం కష్టమైన పిల్లలుంటారు, అందుకే గళ్లలో అ, ఆ, ఇ, ఈ అని కూడా రాయండి. ప్లిక్కర్స్ అనే యాప్‌తో టీచరు ఫోన్ ఒక్కటే వాడి కార్డులు స్కాన్ చేయవచ్చు. బాగుంటుంది. కానీ సిగ్నల్ లేని ఊళ్లో రంగుల అట్టే గెలుస్తుంది.

ప్రశ్నలో తప్పు జవాబులు మీ తప్పుల నోట్‌బుక్ నుంచే రావాలి. తరగతి సగం సగంగా చీలితే జవాబు చెప్పకండి. వేరే రంగు ఎత్తినవాళ్ల పక్కకు వెళ్లి రెండు నిమిషాలు ఒప్పించమనండి, మళ్లీ ఎత్తించండి.

ఏడో మెట్టు: మాట అడ్డం పడకుండా

మన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. చాలామంది పిల్లలకు రెండు పేజీల మాటలూ కొత్తవే. అందుకే ప్రతి పాఠానికి పది మాటలతో మూడు గడుల కార్డులు చేస్తాం: ఎవాపరేషన్, బాష్పీభవనం, ఆవిరవడం. పెరిమీటర్, చుట్టుకొలత, చుట్టూ గట్టు పొడవు. మూడో గడి పిల్లలే నింపాలి, ఇంట్లో మాట్లాడే మాటతో. ఆ మాట మీకు మోటుగా అనిపించినా కొట్టేయకండి. తెలుగు టీచర్లు ఇదే పద్ధతిలో ఊరి మాటల నోట్‌బుక్ పెట్టించవచ్చు. పదిహేను పర్వాల భారతం తెనిగించిన తిక్కన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. ఆ గడ్డ మీది పిల్లలకు తమ మాట తక్కువదన్న భావం రాకూడదు.

ఎనిమిదో మెట్టు: దాచడం, సరిదిద్దడం, పంచడం

కొత్త సామగ్రిని ముందు ఒక్క సెక్షన్‌లో వాడండి. అయిపోయిన రోజే, స్టాఫ్ రూములో టీ తాగుతూనే, మూడు సంగతులు రాయండి: ఎంత సమయం పట్టింది, ఎక్కడ పిల్లలు ఆగిపోయారు, ఏం తక్కువైంది. మర్నాటికి వాయిదా వేస్తే గుర్తుండదు. సిలబస్ టెన్షన్ అందరికీ ఉంది. నెలకు ఒక్కటి చేయండి, ఏడాదికి పది అవుతాయి. పదో తరగతికి మాత్రం డిసెంబర్ లోపే వాడేయండి, తర్వాత రివిజన్‌లో ఎవరికీ ఊపిరి ఆడదు.

దాచడానికి చెప్పుల డబ్బాలు, చీరల అట్ట పెట్టెలు బాగుంటాయి. చెదలు పట్టకుండా వేపాకు వేసి, నేల మీద కాకుండా బీరువా పై అరలో పెట్టండి. తుపాను రోజుల్లో కాగితం తేమ పట్టి ఉబ్బుతుంది కాబట్టి కార్డులకు పారదర్శక టేపు తప్పనిసరి.

చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లేటప్పుడు డబ్బా పట్టుకెళ్లండి. ప్రదర్శనగా బల్ల మీద పెట్టకుండా, తోటి టీచర్లను ఆరుగురిని కూర్చోబెట్టి వాళ్ల చేతే చేయించండి. రాళ్ల డబ్బాలో కడప బండ ముక్క చేర్చమని చెప్పింది అలా కూర్చున్న ఒక సైన్సు టీచరే. ఆ రోజు దాకా మా డబ్బాలో అవక్షేప శిల లేదు.

డబ్బా మూత లోపలి వైపు ఈ నాలుగు వరుసలు అంటించండి, మీ తర్వాత వచ్చే టీచరుకు పనికొస్తాయి: ఏ తరగతి, ఏ పాఠం. పిల్లల ఏ తప్పు కోసం. లోపల ఎన్ని వస్తువులు. చివరిసారి ఎప్పుడు, ఎవరు వాడారు, ఏం పోయింది. మా అంకణం డబ్బా మీద ఇప్పుడు పోయిన వస్తువుల వరుసలో "మేకులు రెండు" అని ఉంది. మేస్త్రీ గారి అబ్బాయి తెస్తానన్నాడు.